గూడు నేలపట్టులో, కూడు పులికాట్‌లో

తిరుపతి జిల్లా యంత్రాంగానికి, రాష్ట్ర అటవీ, పర్యాటక, జలవనరుల, మత్స్య శాఖల అధికారులకు, సూళ్లూరుపేట ఫ్లెమింగో ఫెస్టివల్ నిర్వాహకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మీ అందరికీ నమస్కారాలు.

సూళ్లూరుపేట కేంద్రంగా పక్షుల పండుగ 2001లో మొదలైంది. మధ్యలో కొన్నేళ్లు ఆగిపోయినా, 2025 జనవరి 18 నుంచి 20 వరకు మూడు రోజులపాటు మళ్లీ జరిగి, మా ప్రాంతానికి ఎక్కడెక్కడి జనాన్నో రప్పించింది. శ్రీహరికోటకు వెళ్లే దారిలో రెండు వైపులా కనబడే నీళ్లుగా మాత్రమే పులికాట్‌ను ఎరిగినవాళ్లకు, అది చిల్కా తరువాత దేశంలోనే రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సని, చలికాలమంతా అక్కడ వేల పక్షులు మేత మేస్తాయని తెలియజెప్పినది చాలావరకు ఈ పండుగే. కనుక పండుగ వద్దని చెప్పడానికి ఈ లేఖ రాయడం లేదు. ఆ పక్షులు ఇక్కడికి దేనికోసం వస్తున్నాయో, అది ఎక్కడెక్కడ తరిగిపోతోందో, దాన్ని నిలబెట్టడానికి మీ శాఖలు కలిసి ఏం చేయవచ్చో చెప్పుకోవడానికి రాస్తున్నాను.

పక్షి గూడు కట్టే చోటు మన కంటికి ఆనుతుంది, తిండి వెతుక్కునే చోటు ఆనదు. మన పాలనలోని లోపమంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. 1976లో అభయారణ్యంగా ప్రకటించిన నేలపట్టు 458.92 హెక్టార్ల చిన్న ప్రదేశం. దానికి హద్దులున్నాయి, కాపలా ఉంది, ఎక్కి చూడడానికి గోపురం ఉంది, వచ్చినవాళ్లకు పక్షుల పేర్లు చెప్పే బోర్డులున్నాయి. అదే పక్షి తెల్లవారి లేచి, పిల్లల మేతకోసం ఎగిరిపోయి ఏ ఊరి చెరువులోనో, వరి మడిలోనో, పులికాట్ లోతు తక్కువ నీళ్లలోనో దిగిందనుకోండి, అక్కడి దాని బాగోగులు ఏ ఒక్కరి పద్దులోనూ ఉండవు. నీళ్లు ఒక శాఖవి, చేపలు మరో శాఖవి, మధ్యలో వెళ్లే రోడ్డు ఇంకొకరిది. పక్షి మాత్రం అటవీ శాఖది. సరస్సులో కొంత భాగం తమిళనాడుది కూడా కావడంతో ఈ పంపకం మరింత చిక్కుపడింది.

పండుగకు పేరిచ్చిన ఫ్లెమింగో సంగతే ముందు చూద్దాం. ఇక్కడికి వచ్చేవి పెద్ద ఫ్లెమింగోలు. మన దేశంలో ఇవి గుడ్లు పెట్టి పిల్లల్ని లేపే ప్రధాన స్థలం గుజరాత్‌లోని కచ్ రణ్. మేతకు మాత్రం అక్కడినుంచి తూర్పు తీరం దాకా వస్తాయి. అటకానితిప్ప దగ్గర రోడ్డు పక్కన నిలబడి టెలిస్కోప్‌లో ఒక్క పక్షిని ఎంచుకుని కాసేపు కన్ను మరల్చకుండా చూసినవారికి, అది అందంకోసం నీళ్లలో నిలబడలేదని, ఒళ్లు వంచి పని చేస్తోందని అర్థమవుతుంది. పొడవాటి మెడను కాళ్ల ముందుకు దించి, తలను తలకిందులు చేసి, ముక్కు పై దవడ బురదను తాకేలా నీళ్లలో ముంచుతుంది. దాని నాలుక లోపల పంపు పని చేస్తూ, సెకనులో ఎన్నోసార్లు నీటిని లోపలికి లాగి బయటికి తోస్తుంది. ముక్కు అంచుల్లోని సన్నని పలకల వరసలు జల్లెడలా అడ్డుపడి పురుగుల్ని, చిన్న రొయ్యల్ని, బుల్లి గుల్లల్ని, నీటి మొక్కల విత్తనాల్ని నిలుపుకుంటాయి. ముక్కును ఒకేచోట ఉంచి, దాని చుట్టూ తాను తిరుగుతూ పాదాలతో బురద తొక్కడం కూడా దీనికి అలవాటు. నీరు కాస్త తగ్గాక ఆ చోట బురదలో గుండ్రని గుంటలు కనిపిస్తాయి. పగలే కాదు, రాత్రిపూట కూడా ఇవి మేస్తాయి.

ఈ మేత సాగాలంటే నీరు మోకాలు దాటకూడదు, ఎండిపోనూ కూడదు. బురద అడుగున పురుగులు పెరగడానికి తగినంత ఉప్పు ఉండాలి, తగినంత మంచినీరూ కలవాలి. సగటున మీటరు లోతున్న సరస్సులో ఒక అడుగు నీరు అటూ ఇటూ అయితే చాలు, వందల ఎకరాలు మేతకు పనికొచ్చేవిగానో, పనికిరానివిగానో మారిపోతాయి. ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాళంగి, ఆరణి నదుల ద్వారా మంచినీటిని తెస్తాయి. వానలు వెనుదిరిగాక నీరు మెల్లగా దిగుతుంది, అంచుల నుంచి మేత నేల బయటపడుతూ లోపలికి జరుగుతుంది, దానితోపాటు పక్షులూ జరుగుతాయి. వానలు బాగా కురిసిన ఏట జనవరిలో రోడ్డు పక్కన నీరు లోతుగా ఉండి ఫ్లెమింగోలు దూరంగా చెదిరిపోతే, దాన్ని పక్షులు రాకపోవడంగా చెప్పుకుని నిట్టూర్చడం అన్యాయం. అలాంటి ఏట ఫిబ్రవరిలోనో మార్చిలోనో మేత నేల తేలినప్పుడు అవి దగ్గరికి వస్తాయి. అప్పటికి పండుగ పందిళ్లు విప్పేసి ఉంటారు.

పక్షి మన ఆహ్వానాన్ని చూడదు, నీటిని చూస్తుంది. కెన్యాలోని నకురు సరస్సు ఒకప్పుడు లక్షల చిన్న ఫ్లెమింగోలకు ప్రసిద్ధి. గత పదిహేనేళ్లలో ఆ సరస్సు మట్టం బాగా పెరిగి, నీటిలో ఉప్పు పలచబడి, వాటి మేత అయిన నీలిఆకుపచ్చ నాచు తగ్గిపోవడంతో అవి వేరే సరస్సులకు తరలిపోయాయి. అక్కడ వాటిని ఎవరూ తరమలేదు, చంపలేదు. ముప్పు నీటి రూపంలో వచ్చింది. మన దేశంలోనే నవీ ముంబైలోని నెరుల్ దగ్గర ఒక చిన్న సరస్సుకు ఆటుపోట్ల నీరు వచ్చే దారి మూసుకుపోయి, 2024 వేసవిలో ఫ్లెమింగోలు చనిపోవడం, తక్కినవి చోటు వదిలిపోవడం దేశమంతా పత్రికల్లో చదివింది. ఆ తరువాతే ఆ సరస్సును ఫ్లెమింగోల సంరక్షణ ప్రాంతంగా కాపాడాలన్న నిర్ణయం వచ్చింది. నీటి దారి తెరిచి ఉండగానే ఆ నిర్ణయం తీసుకుని ఉంటే ఖర్చూ తక్కువ, నష్టమూ తక్కువ.

ఇక నేలపట్టు. అక్టోబరులో వానలు పడి చెరువు నిండి, కడప చెట్ల మొదళ్లు నీట మునిగాక గూడబాతులు (పెలికాన్లు) వచ్చి కొమ్మల మీద పుల్లలు పేర్చడం మొదలుపెడతాయి. నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు, చింతవొక్కులు కూడా అవే చెట్లను పంచుకుంటాయి. చెట్ల కింద నీరు నిలిచి ఉన్నంతకాలం అడవిపిల్లి, నక్క గూళ్ల దరికి రాలేవు. గూడబాతు గుడ్డు పొదగడానికి నెల రోజులు పడుతుంది. పిల్ల గూటిని, ఆ పరిసరాలను వదలడానికి మరో మూడు నుంచి ఐదు నెలలు పడుతుంది. అంటే ఏప్రిల్ వరకు ఆ పిల్లకు రోజూ చేపలు కావాలి. గోపురం ఎక్కి చూసేవారికి ఆ మేత పెట్టే తీరు మొదట భయం కలిగిస్తుంది: పిల్ల తల్లి నోట్లోకి తల దూర్చి, మెడ దాకా లోపలికి పోయి, రెక్కలు కొట్టుకుంటూ పెనుగులాడుతుంది. చూసే పిల్లలు తల్లి బిడ్డను మింగేస్తోందని కేకలు పెడతారు. నిజానికి తల్లి గొంతు అడుగున దాచి తెచ్చిన చేపల్ని పిల్ల లాక్కుని తింటోంది. ఆ చేప నేలపట్టు చెరువులో పట్టింది కాదు. అన్ని పక్షులకు, అన్ని పిల్లలకు సరిపడే చేప అంత చిన్న చెరువులో ఉండదు. సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న పులికాట్‌కు, దారి పొడవునా ఉన్న చెరువులకు అవి వెళ్లి తెస్తున్నాయి.

ఇందులో కాలానికి సంబంధించిన ఒక ఏర్పాటు ఉంది. చెరువులు, సరస్సు నిండుగా ఉన్నప్పుడు గుడ్లు పెడతాయి. పిల్లలు పెరిగి ఆకలి హెచ్చే నాటికి నీరు దిగిపోతూ, చేపలు చిన్న చిన్న మడుగుల్లోకి చేరి దట్టంగా ఉంటాయి. ఎర్రకాళ్ల కొంగ (పెయింటెడ్ స్టార్క్) చేపను కంటితో చూసి పట్టదు. ముక్కు కొద్దిగా తెరిచి నీళ్లలో ముంచి, అటూ ఇటూ ఊపుతూ, ఒక కాలితో బురద కదుపుతూ నడుస్తుంది. చేప తగిలిన మరుక్షణం ముక్కు మూస్తుంది. ఇలా తడుముకుంటూ వేటాడే పక్షికి లోతైన నీళ్లలో పలచగా తిరిగే చేపలు దొరకవు, దిగుతున్న మడుగులే దానికి ఆధారం. ఆ సమయంలోనే మనం మోటార్లు పెట్టి చెరువు అడుగు నీటిని తోడేసి చేపలు పట్టేస్తే, చెట్టు మీది పిల్ల గూటిలోనే కృశిస్తుంది. నేలపట్టు కంచె లోపల చేసిన ఏ ఏర్పాటూ అప్పుడు దాన్ని కాపాడలేదు.

ఈ ముడిని న్యాయస్థానం ఎన్నడో గుర్తించింది. తీరప్రాంతపు రొయ్యల చెరువుల కేసులో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో, చిల్కా, పులికాట్ సరస్సులకు 1000 మీటర్ల లోపల రొయ్యల సాగు పరిశ్రమ ఉండకూడదని చెబుతూ, పులికాట్ పేరుతోపాటే వేదురుపట్టు, నేలపట్టు పక్షి కేంద్రాల పేర్లను కూడా కలిపింది. గూటినీ కూటినీ ఆ తీర్పు విడదీయలేదు. తరువాత 2005లో తీరప్రాంత ఆక్వా సాగుకు ప్రత్యేక చట్టం వచ్చింది, ప్రాధికార సంస్థ ఏర్పడింది, నిబంధనలు మారాయి. అయినా ఆ తీర్పు వెనక ఉన్న ఆలోచన పాతబడలేదు. సరస్సు అంచున ఎక్కడ ఎన్ని రొయ్యల గుంటలు ఉన్నాయో, వాటి మురుగునీరు ఏ కాలవలోంచి ఎక్కడ కలుస్తోందో గుర్తించిన ఒక పటాన్ని మీ శాఖలు కలిసి తయారుచేసి జనం ముందుంచితే, ఎవరి మీదా నింద వేయకుండానే సగం పని జరుగుతుంది.

రాష్ట్రానికి మరో కొసన ఉన్న శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం కూడా ఇదే చెబుతోంది. అక్కడి జనం గూడబాతుల్ని, ఎర్రకాళ్ల కొంగల్ని ఊరి చెట్ల మీద కన్నబిడ్డల్లా చూసుకుంటారు. ఆ పక్షుల మేత మాత్రం నౌపడ వైపు తంపర భూముల్లో, ఉప్పుటేరుల్లో ఉంది. అక్కడ ఎవరైనా కర్మాగారం కట్టబోతే, ఊళ్లో పక్షికి రాయి విసరని మనిషి ఎంత మంచివాడైనా ఏం చేయగలడు?

పులికాట్‌కు అన్నిటికన్నా పెద్ద రోగం ముఖద్వారాల పూడిక. దక్షిణాన తమిళనాడులోని పళవేర్కాడు దగ్గర ఒకటి, మన వైపు రాయదొరువు, కొండూరుపాలెం దగ్గర ఉన్నవి సరస్సును సముద్రంతో కలిపే దారులు. మన వైపువి ఇసుక మేటలు వేసి పూడిపోవడంతో ఆటుపోట్ల నీరు ఉత్తర భాగానికి సరిగా అందడం లేదు. ఎండాకాలంలో ఆ భాగం సముద్రం కన్నా ఉప్పగా మారి, చివరకు ఎండి, పగుళ్లు వారి, తెల్లటి ఉప్పు తేలుతుంది. రొయ్య పిల్ల సముద్రంలో పుట్టి, పెరగడానికి ముఖద్వారం గుండా సరస్సులోకి వస్తుంది. ద్వారం మూసుకుంటే దాని రాక ఆగిపోతుంది. అప్పుడు వల వేసిన పట్టపు మత్స్యకారుడికీ, పీతలు పట్టే యానాదికీ, గూడబాతుకూ ఒకేసారి దెబ్బ తగులుతుంది. ముఖద్వారాలు తెరిపించే పనిని ప్రభుత్వాలు ప్రకటిస్తూనే ఉన్నాయి. ప్రకటనల్ని పనిగా మార్చే గడువును ఇప్పుడు చెప్పవలసి ఉంది.

చిల్కాలో ఇది చేసి చూపించారు. అక్కడా పాత ముఖద్వారం పూడి, ఉప్పదనం తగ్గి, కలుపు పెరిగి, చేపల రాబడి పడిపోవడంతో ఆ సరస్సు 1993లో అంతర్జాతీయంగా ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాకెక్కింది. ఒడిశా ప్రభుత్వం సరస్సు మొత్తానికీ బాధ్యత వహించే చిల్కా అభివృద్ధి ప్రాధికార సంస్థను పెట్టి, నీటి కదలికలను అధ్యయనం చేయించి, 2000 సెప్టెంబరు 23న కొత్త ముఖద్వారాన్ని తెరిచింది. చేపల రాబడి కొద్దికాలంలోనే ఎన్నో రెట్లు పెరిగింది, 2002లో చిల్కా పేరు ఆ ప్రమాద జాబితా నుంచి తొలగింది. ద్వారం తవ్వడం కన్నా గొప్ప విషయం, నీటికీ చేపకూ పక్షికీ కలిపి ఒకే సంస్థ ఉండడం. పులికాట్ రెండు రాష్ట్రాలది కనుక ఇక్కడ అది మరింత కష్టం, మరింత అవసరం. తమిళనాడు తన వైపు ద్వారానికి రాతి కట్టల పని చేపట్టింది. మనం మన వైపు పని విడిగా చేసుకుపోతే ఒకరి కట్ట మరొకరి ద్వారానికి ఇసుక పంపవచ్చు. తూర్పు తీరం వెంట ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుందన్నది తీర ఇంజనీర్లకు నేను చెప్పవలసిన విషయం కాదు.

ఈ పనిలో ఒక జాగ్రత్త తప్పనిసరి. పూడిక తీయవలసింది ముఖద్వారంలోను, నీరు పారే కాలవల్లోను. సరస్సు అంచుల్లోని లోతు తక్కువ నేలల్ని పూడిక పేరుతో లోతు చేస్తే బోటుకు దారి దొరకవచ్చు గాని ఫ్లెమింగోకు మేత పోతుంది. తీసిన ఇసుకనూ బురదనూ దగ్గరలో ఖాళీగా కనబడ్డ చోటల్లా పోసినా ఫలితం అదే. ఎండి పగిలిన నేలను చూసి పనికిరానిదనుకుని మట్టి తవ్వడానికీ, బండ్ల దారికీ అనుమతించడం కూడా మంచిది కాదు. వచ్చే ఏటి నీటికోసం ఎదురుచూసే చిన్న నీటి జీవుల గుడ్లు, నీటి మొక్కల విత్తనాలు ఆ పొరలోనే దాగి ఉంటాయి. గుత్తేదారుతో చేసుకునే ఒప్పందంలోనే ఈ షరతులు రాయాలి. పని మొదలయ్యాక ఎవరు చెప్పినా వినేవారుండరు.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సును అడ్డంగా కోసుకుంటూ వెళ్లే రోడ్డు సంగతి కూడా ఎత్తక తప్పదు. దేశానికి ఆ రోడ్డు ఎంత అవసరమో మా ప్రాంతంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. రాకెట్ ఎగిరిన ప్రతిసారీ ఆ గర్వంలో మాకూ వాటా ఉంది. కానీ కట్ట పోసి వేసిన రోడ్డు నీటి రాకపోకలకు గోడయింది. ఉన్న తూములు చాలవు. అంతరిక్ష సంస్థతో కూర్చుని మాట్లాడి, రోడ్డును వెడల్పు చేసినప్పుడో, మరమ్మతు చేసినప్పుడో, ఎక్కువ చోట్ల వెడల్పయిన వంతెన ఖానాలు పెట్టించగలిగితే దక్షిణపు ఆటుపోట్ల నీరు ఉత్తరానికి చేరుతుంది. అంతటి సంస్థకు ఇది పెద్ద లెక్క కాదు.

పండుగ నిర్వాహకులకు ప్రత్యేకంగా కొన్ని మాటలు. మూడు రోజుల్లో జనమంతా ఒకేసారి వచ్చిపడే పద్ధతి బదులు, నవంబరు నుంచి మార్చి దాకా వారాంతాల్లో కొద్దికొద్దిమందిగా వచ్చి చూసే ఏర్పాటు చేయండి. వేదికా, పాటలూ, దుకాణాలూ సూళ్లూరుపేటలో ఎంత ఘనంగానైనా పెట్టుకోవచ్చు, వాటితో ఎవరికీ పేచీ లేదు. అటకానితిప్ప, నేలపట్టు దగ్గర మాత్రం లౌడ్‌స్పీకరు, బాణసంచా, డ్రోన్ పూర్తిగా నిషేధించాలి. భీములవారిపాలెంలో బోటు షికారుకు వెళ్లే పడవలు మేస్తున్న గుంపులకు ఎంత దూరంలో ఆగాలో నీళ్లలో కర్రలు పాతి హద్దు గుర్తించాలి. గుంపు ఒక్కసారిగా లేచి ఎగరడం ఫొటోలో చాలా బాగుంటుంది, ఒప్పుకుంటాను. కానీ అలా లేపిన ప్రతిసారీ పక్షి మేత మానుకుని, కూడబెట్టుకున్న శక్తిని ఖర్చు పెట్టి, మరో చోట మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి. ఫొటో కోసం ఎవరైనా రాయి విసిరితే, చప్పట్లు కొడితే జరిమానా వేసే అధికారం అక్కడే ఉన్న సిబ్బందికి ఇవ్వాలి.

పండుగ ప్రచారంలో ఒక దిద్దుబాటు కూడా అవసరం. పక్షుల గురించిన వార్తల్లో, కరపత్రాల్లో ప్రతి పక్షినీ సైబీరియా నుంచి వచ్చినదిగా రాయడం మనకు అలవాటైపోయింది. సూదితోక బాతులు, ఉల్లంకులు, అనేక జాతుల చిన్న ఒడ్డు పక్షులు మధ్య ఆసియా వలస మార్గం మీదుగా ఉత్తర దేశాల నుంచి నిజంగానే వస్తాయి. దాదాపు 30 దేశాలను కలిపే ఆ మార్గం కోసం భారత ప్రభుత్వం 2018లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక కూడా తెచ్చింది. గూడబాతు, ఎర్రకాళ్ల కొంగ, నత్తగుల్ల కొంగ మాత్రం ఈ ఉపఖండపు పక్షులే, వానల్ని బట్టి ఇక్కడిక్కడే తిరుగుతాయి. ఇవి మన చెట్ల మీద పుట్టి, మన చెరువుల చేప తిని పెరిగినవి. వాటిని దూరదేశపు చుట్టాలుగా చూపిస్తే, రాకపోయిన ఏట తప్పు సైబీరియాదే అనుకునే వెసులుబాటు మనకు దొరుకుతుంది. ఫ్లెమింగోల గుంపులో గులాబి రంగు ఎక్కని బూడిద రంగు పిల్లల్ని చూపించి, తిండిలోని రంగు పదార్థాల వల్లనే ఆ గులాబి వస్తుందని, అవి ఇటీవలే ఎక్కడో పుట్టి ఇక్కడ మేత నేర్చుకుంటున్నాయని చెప్పగల గైడ్ ఒక్కడు ఉంటే పది ఫ్లెక్సీల పెట్టు. అలాంటి గైడ్లను ఒడ్డు ఊళ్ల మత్స్యకార, యానాది కుటుంబాల యువతలోంచి తీసుకోండి. నీరు ఎక్కడ ఎంత ఉందో, ఏ మడుగులో చేప ఉందో వాళ్లకు తెలిసినంత మన కార్యాలయాల్లో ఎవరికీ తెలియదు.

ఆసియా నీటి పక్షుల గణన ప్రతి ఏడూ జనవరిలో జరుగుతుంది. అది అవసరమే, కానీ జనవరి లెక్క ఒక్కటీ నీటితో కదిలే పక్షుల్ని అర్థం చేసుకోవడానికి చాలదు. అక్టోబరు నుంచి ఏప్రిల్ వరకు నెలకొకసారి, పక్షుల సంఖ్యతోపాటు నీటి లోతు, ఉప్పదనం కూడా నమోదు చేయాలి. అటకానితిప్ప దగ్గర, రోడ్డుకు ఉత్తరాన, రాయదొరువు దగ్గర, నేలపట్టు చెరువులో నీటి కొలబద్దలు పాతడానికి అయ్యే ఖర్చు పండుగలో ఒక పూట పూల అలంకరణకు మించదు. కాలేజీ విద్యార్థులకు ఈ పని అప్పగిస్తే ఇష్టంగా చేస్తారు. ఐదేళ్ల లెక్కలు చేతిలో ఉంటే, పండుగ ఎప్పుడు పెట్టాలో, ముఖద్వారం పని ఫలితం ఇచ్చిందో లేదో ఊహించవలసిన పని ఉండదు.

నేలపట్టు చెరువుకు నీరు తెచ్చే వాగుల్లో, కాలవల్లో పూడిక, ఆక్రమణలు తొలగించడం, వయసు మీరిన కడప చెట్ల స్థానంలో కొత్త మొక్కలు నాటడం అటవీ శాఖకు కొత్త పనులు కావు. వాటిని వేసవిలోనే ముగించాలని మాత్రం కోరుతున్నాను. దానితోపాటు చుట్టుపక్కల ఊళ్ల చెరువుల్లో జనవరి నుంచి ఏప్రిల్ వరకు అడుగు నీటిని పూర్తిగా తోడేయకుండా కొంత మట్టం మిగిల్చే ఒప్పందం గ్రామ పంచాయతీలతో, చేపల చెరువులు పాడుకున్నవారితో చేసుకోవాలి. వారికి కలిగే నష్టానికి పరిహారం పండుగ ఆదాయం నుంచే ఇవ్వవచ్చు. ఇది వింత కోరిక కాదు. కర్ణాటకలోని కొక్కరేబెళ్లూరులో పక్షులు గూళ్లు కట్టిన చింతచెట్ల కాపు కోయకుండా వదిలేసిన రైతులకు అటవీ శాఖ డబ్బు చెల్లించింది. అంతకు చాలా ముందు, 1798లో, తమిళనాడులోని వేడంతాంగల్ రైతులు పక్షుల్ని కాల్చేవారి మీద ఫిర్యాదు చేస్తే, చెంగల్పట్టు కలెక్టర్ లయనెల్ ప్లేస్ వాటి రక్షణ హక్కును ఆ ఊరివారికే రాసిచ్చాడు. పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీరు పొలానికి బలమని ఆ రైతులకు తెలుసు, ఆ మాట వినే ఓపిక ఆ కలెక్టరుకు ఉంది.

ఈ లేఖకు జవాబుగా మూడు విషయాలను పత్రికా ప్రకటన రూపంలో తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. రాయదొరువు, కొండూరుపాలెం ముఖద్వారాల పని ప్రస్తుతం ఏ దశలో ఉంది, ఎప్పటికి పూర్తవుతుంది? పులికాట్ నీటికి, చేపకు, పక్షికి కలిపి బాధ్యత వహించే అధికారి గాని, సంస్థ గాని ఎవరు, తమిళనాడుతో ఆ విషయమై మాట్లాడుతున్నారా? రాబోయే పండుగ బడ్జెట్‌లో మేత నేలల కోసం, నీటి దారుల కోసం ఎంత కేటాయించారు? గూడబాతులు అక్టోబరులో వస్తాయి కనుక, జవాబు సెప్టెంబరులోపు వస్తే కాలవల పని చేయడానికి ఇంకా వ్యవధి ఉంటుంది.

భవదీయుడు,
పులికాట్ ఒడ్డు నివాసి